కెప్టెన్ ఒక్కరే మాట్లాడాలి

నల్ల చొక్కా ఉతకడం తెల్ల చొక్కా ఉతకడం కంటే కష్టమని మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెల్లదాని మీద మురికి కనిపిస్తుంది, రుద్దితే పోతుంది. నల్లదాని మీద మురికి కనిపించదు, సబ్బు కనిపిస్తుంది. ఎంత జాడించినా ఆరాక మెడ దగ్గర, చంకల దగ్గర తెల్లటి చారలు తేలతాయి. మా అమ్మాయి దీవెన ఫుట్‌బాల్ రిఫరీ అయినప్పటి నుంచి ఆ నల్ల చొక్కా నా చేతుల్లోనే తిరుగుతోంది. తెల్ల చొక్కా మా ఆయన బెన్హర్ గారిది, ఆదివారం ఆరాధనకి. శనివారం సాయంత్రం ఒకే తీగ మీద రెండూ ఆరుతుంటే, గాలికి ఒకదాని చెయ్యి ఇంకోదాన్ని తాకుతుంటే, వాటి మధ్య నిలబడి ఏదో ఆలోచిస్తూ ఉండిపోతాను. ఏం ఆలోచించానని అడిగితే చెప్పలేను. "ఏటి, మళ్ళీ ఎక్కడికెల్లిపోనావు?" అంటారు ఆయన వెనక నుంచి. ఎక్కడికీ వెళ్ళలేదని చెప్పి క్లిప్పులు తీయడం మొదలుపెడతాను.

నాకు భయం ఎక్కువ. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను గనక నాకు తెలిసింది తక్కువనీ, తెలియనిదాన్నంతా భయంతో నింపుకుంటాననీ మా ఆయన అంటారు. కావచ్చు. కుక్కర్ కూత ఆలస్యమైతే అది పేలినట్టే. దీవెన ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం స్కూటీ మీద వెళ్తే దారిలో లారీ ఎదురైనట్టే. నిద్రలో కాదు, మెలకువలోనే అదంతా నా కళ్ళ ముందు జరిగిపోతుంది. పిండి కలుపుతూ ఉంటాను, చేతులు ఇక్కడ ఉంటాయి, నేను వేరేచోట ఉంటాను. అక్కడ అన్నీ నీళ్ళ అడుగున జరిగినట్టు మెల్లగా జరుగుతాయి. ఆట గురించి వచ్చేది ఎప్పుడూ ఒకటే: బంతి పైకి లేస్తుంది, లేచి లేచి చందమామ అంత అవుతుంది, కింద మా అమ్మాయి నల్ల చొక్కాలో చిన్న చుక్కలా నిలబడి దాన్నే చూస్తూ ఉంటుంది, పక్కకి తప్పుకోదు. నేను కేక వెయ్యబోతాను. నోట్లోంచి సబ్బు నురుగు వస్తుంది గాని మాట రాదు.

ఈ భయం సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు. ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఇంటికొకరు లేవాలి, ఆ లేచేది ఇంటిపెద్ద. ఎవరికి జ్వరం, ఎవరి అబ్బాయికి ఉద్యోగం, ఎవరి గేదె ఈనలేదు, అన్నీ మగవాళ్ళే చెప్తారు, ఆడవాళ్ళం ముసుగు సర్దుకుని తల వంచుకుంటాం. మా ఆయన సంఘపెద్ద కూడా గనక ఆఖరున లేస్తారు. రైసుమిల్లులో గుమస్తా పని చేసే మనిషికి అంత గొంతు ఎక్కడిదా అని నేను ఆశ్చర్యపోతుంటాను. "నా భార్య దేవమణికున్న భయం తొలగిపోవాలని ప్రార్థన చెయ్యండి" అంటారు. చాపల మీద కూర్చున్నవాళ్ళంతా ఒకసారి నా వైపు చూసి, జాలిగా కళ్ళు మూసుకుంటారు. నా పేరు మీద జరిగే ఆ ప్రార్థనలో నేను కూడా ఆమెన్ అనాలి. అంటాను.

ఈ ఏడు ఆటలో రూల్సు మారాయని దీవెన చెప్పింది. దాని డిగ్రీ అయిపోయి, ఒక ప్రైవేటు బళ్ళో ఆటల టీచరుగా చేస్తోంది. జిల్లా మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్తుంది. ఇప్పుడు రాష్ట్రం స్థాయికి పైకి వెళ్ళాలంటే ఒక పెద్ద రిఫరీ వచ్చి, మ్యాచంతా కూర్చుని, అది ఎలా నడిపిస్తోందో చూసి పాసు చెయ్యాలి. ఆయన పేరు జగన్నాధం గారు. శ్రీకాకుళంలో ఆదివారం అమ్మాయిల మ్యాచ్‌కి వస్తున్నారు. మా ఆయన అన్నం తింటూ తేల్చేశారు. "ఇదే ఆఖరుసారి. అవుతే అయినట్టు, అవ్వకపోతే ఆ విజిలు బీరువాలో ఎట్టీ. మగోళ్ళు నవ్వుతన్నారు." దీవెన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. నేను మజ్జిగ పోశాను. ఆ మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు గనక అది అలా ఖాయమైపోయింది.

ఆ వారమంతా అది వంటింట్లోనే చదువుకుంది. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో పట్టుకుని ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకోకూడదట. ఇదివరకు ఆరే ఉండేదట గాని ఎవరూ పట్టించుకునేవారు కాదట. "శిక్ష మరీ పెద్దదమ్మా. గోలు ముందర ఫ్రీకిక్ ఇవ్వాలి. అందుకని ఏ రిఫరీ ఊదీవోడు కాదు. రూలు ఉన్నాదని అందరికీ తెలుసు, లేనట్టే ఆడీవోరు. ఇప్పుడు శిక్ష తగ్గించారు, కార్నర్ కిక్కే. తగ్గించారు గనక మేం ఊదాల." ఆఖరి అయిదు సెకన్లూ రిఫరీ చెయ్యి పైకెత్తి, ఒక్కో వేలూ ముడుస్తూ అందరికీ కనపడేలా లెక్కపెట్టాలట. అభ్యాసానికి నా చేతుల్లో గుమ్మడికాయ పెట్టి నిలబెట్టింది. నేను దాన్ని గుండెకి హత్తుకుని నిలబడ్డాను. ఎదురుగా నా కూతురి చెయ్యి పైకి లేచింది, వేళ్ళు ఒకటొకటే మూసుకుంటున్నాయి. చేతిలో ఉన్నది గుమ్మడికాయేనని తెలుసు, అయినా పొయ్యి మీద పప్పు సంగతి, కొళాయి సంగతి అన్నీ మర్చిపోయి ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాను. రోజు మొత్తంలో ఏదీ అంతసేపు నా దగ్గర ఉంచుకోలేదని తోచింది. "అమ్మా, టైమైపోయింది, ఒగ్గీ," అని నవ్వింది అది.

ఇంకో రూలు విని నేను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాను. రిఫరీ దగ్గరికి వచ్చి మాట్లాడే హక్కు ఇక కెప్టెన్ ఒక్కరిదేనట. ఇదివరకు విజిలు ఊదితే పదిమంది మీద పడిపోయేవారట. ఒకసారి తన చెయ్యి పట్టి లాగేశారని ఇప్పుడు బయటపెట్టింది. ఆ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్తే నువ్వు నన్ను పంపించవు కదా అంది. ఇప్పుడు గుంపుగా వస్తే ఎల్లో కార్డు చూపించొచ్చు. "మాకు కొంచెం గాలాడతాదమ్మా," అంది. ఒకరు మాట్లాడి మిగతావాళ్ళు ఊరుకోవడం అనే రూలు ఎవరో పెద్దవాళ్ళు ఇంత ఆలోచించి ఇప్పుడు కనిపెట్టారంటే నాకు చిత్రంగా అనిపించింది. నేను దాంట్లోనే కదా ఉన్నాను.

తలకి దెబ్బ తగిలినవాళ్ళ గురించి కూడా ఒకటి ఉంది. అనుమానం వస్తే ఆ పిల్లని తీసేసి వేరే పిల్లని దించవచ్చట, జట్టుకి ఇచ్చిన మార్పుల్లో అది లెక్కకి రాదట. తీసేసిన పిల్ల మాత్రం మళ్ళీ ఆడకూడదు. తగిలిందని మీకెలా తెలుస్తుందని అడిగాను. "వాళ్ళే సెప్తారు కదమ్మా," అంది దీవెన, పుస్తకం మూసేస్తూ.

వెళ్ళేముందు రాత్రి అది నా పక్కన పడుకుని, మెల్లగా, నొప్పి కలగకుండా చెప్పాలని చాలా ప్రయత్నిస్తూ చెప్పింది. "నువ్వు రాకమ్మా. నువ్వు గట్టున కూర్చుంటే నేను బంతిని సూడను, నిన్ను సూస్తాను." సరే అన్నాను. దాని తప్పు లేదు. వాళ్ళ నాన్న కూడా అదే అన్నారు, కాకపోతే ఆయన మెల్లగా చెప్పలేదు.

ఆదివారం పొద్దున మంచు విపరీతంగా కురుస్తోంది. దీవెన స్కూటీ సందు చివరికి వెళ్ళకుండానే కరిగిపోయినట్టు మాయమైంది. మా ఆయన ప్రార్థన గుడి తలుపులు తీయాలని ముందే వెళ్ళిపోయారు. నేను బైబిలు సంచి భుజాన వేసుకుని, తలుపు తాళం పెట్టి, గుడి వైపే నడిచాను. నడిచాననే అనుకున్నాను. చూసేసరికి శ్రీకాకుళం బస్సు మెట్టు మీద నా కాలు ఉంది. అద్దాల బయట ఏమీ లేదు, తెలుపు. పొలాలు, ఇళ్ళు, మిల్లు గొట్టాలు అన్నీ ఎవరో తుడిచేశారు. బస్సు నేల మీద పోతోందో గాల్లో పోతోందో తెలియలేదు. గుడిలో ఈపాటికి మొదటి కీర్తన ఎత్తుకుని ఉంటారు. నేను లేచి దిగిపోవాలని చాలాసార్లు అనుకున్నాను, ఒళ్ళు మాత్రం హాయిగా కూర్చుని ఉంది.

నాగావళి పక్కనే ఆ మైదానం. ఏటి మీద నుంచి మంచు లేచి అంతా దాని మీదికే వచ్చింది. చుట్టూ తాడు కట్టారు. నేను తాడు ఇవతల, జనం వెనక, ముసుగు నుదుటి దాకా లాక్కుని నిలబడ్డాను. దూరం నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. రెండు జట్లనీ వరసగా నిలబెట్టి చెప్తోంది. "కెప్టెన్ ఒక్కరే నాతో మాట్లాడాల. ఇంకెవరూ మాట్లాడకూడదు. సరేనా?" సరే మేడమ్ అన్నారు ఇరవైమంది పైన పిల్లలు, బళ్ళో అన్నట్టు. నీలం చొక్కాల పిల్లలు శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు పల్లెల వాళ్ళు, ఎర్ర చొక్కాలు విజయనగరం వైపు వాళ్ళు. నీలం జట్టు కోచ్ త్రినాథ్ తాడు దగ్గరే, నా ముందే నిలబడ్డాడు. తన పిల్లలకి ఇంకోసారి ఎక్కించాడు: "ఇన్నారు కదా. నోరెత్తితే కార్డు. జట్టు ములిగిపోతాది. ఏటున్నా దిగమింగండి."

ఆట మొదలయ్యాక నాకు భయం వెయ్యలేదు. అదే వింత. పిల్లలు మంచులోంచి వస్తున్నారు, మంచులోకి పోతున్నారు, చెరువు అడుగున చేపల్లాగా. కాళ్ళ చప్పుడు ముందు వస్తోంది, మనిషి తర్వాత వస్తోంది. మధ్యలో నల్ల చొక్కాలో నా కూతురు. పరిగెడుతోంది, ఆగుతోంది, చెయ్యి చాపుతోంది, అది చెయ్యి చాపిన వైపుకి అందరూ వెళ్తున్నారు. నా కడుపున పుట్టినదాని మాటకి అంతమంది కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఒకసారి ఎర్ర జట్టు పిల్లలు గుంపుగా మీదికి రాబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయారు. వాళ్ళ కెప్టెన్ పిల్ల ఒక్కతే ముందుకొచ్చి, ఏదో అడిగి, తల ఊపి వెళ్ళిపోయింది. ఎవరూ దీవెన చెయ్యి పట్టి లాగలేదు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి, ఆయనే జగన్నాధం గారు అయ్యుంటారు, మెచ్చుకోలుగా గడ్డం నిమురుకున్నారు. దేవుడా, దీన్ని పాసు చెయ్యి, నేను ఇక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలియనివ్వకు అని ప్రార్థన చేసుకున్నాను.

ఆట చివరికి వస్తోంది. నేనున్న వైపే నీలం జట్టు గోలు. అందులో గోల్‌కీపర్ పిల్ల మరీ చిన్నది, చేతులకి తొడుక్కున్న గ్లోవ్స్ దానివి కావు, పెద్దవి. చిన్నతల్లి అని త్రినాథ్ పిలుస్తున్నాడు. బంతి ఎత్తుగా వచ్చింది. ఆ పిల్ల ఎగిరింది, పట్టుకుంది, పట్టుకున్నది పట్టుకున్నట్టే పక్కకి వాలిపోయి, గోలు స్తంభానికి తల వెనక భాగం కొట్టుకుంది. పడలేదు. నిలబడింది. బంతి గుండెకి హత్తుకునే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. దీవెన మంచులోంచి పరిగెత్తుకు వచ్చేసరికి దానికి కనిపించింది ఇదే: బంతి పట్టుకుని నిలబడ్డ గోల్‌కీపర్.

ఆ పిల్ల బంతి వదల్లేదు. వేసెయ్యవే అని త్రినాథ్ అరుస్తున్నాడు. దీవెన చెయ్యి పైకి లేచింది. ఒక వేలు ముడిచింది. ఆ పిల్ల ఆ చేతి వైపు చూసింది, ఆకాశంలో ఏదో మంచిది చూసినట్టు. ఇంకో వేలు. ఇంకో వేలు. అప్పుడు ఆ పిల్ల నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు.

పెళ్ళయిన కొత్తలో, అత్తవారింటి పెరట్లో, ఒక వానాకాలం పొద్దున. నూతి గట్టు పాచి పట్టి ఉంది. చంకన బిందెతో తిరిగాను, కాలు జారింది, కుడి చెవి వెనక తల గట్టు అంచుకి కొట్టుకుంది. చప్పుడు వినపడలేదు. లోపలెక్కడో పెద్ద తలుపు మూసుకున్నట్టు మాత్రం అనిపించింది. లేచాను. అత్తగారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. ఆవిడ వైపు చూసి నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. కొత్త కోడలి మొహాన ఉండాల్సింది అదే గనక దానంతట అదే వచ్చి కూర్చుందేమో. బిందె మళ్ళీ నింపి, తాగే నీళ్ళలో పొయ్యాల్సింది కుడితి గోలెంలో పోశాను. "కళ్ళెక్కడ ఎట్టుకున్నావే" అన్నారు ఆవిడ. ఆ వారమంతా దీపాలు రెండేసి కనిపించాయి. అన్నం మాడ్చాను, కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. చెప్పుకోవాలంటే ముందు తోడికోడలికి చెప్పాలి, ఆవిడ అత్తగారికి చెప్పాలి, అత్తగారు మా ఆయనకి చెప్పాలి. అంత దూరం వెళ్ళాలంటే నా నొప్పి నాకే మరీ చిన్నదిగా కనిపించింది, మధ్యదారిలోనే దిగిపోయింది. పోనీలే, ఎవరూ చూడలేదు కదా అనుకున్నాను. నా భయాలు ఆ తర్వాత మొదలయ్యాయా, ముందు నుంచీ ఉన్నాయా అని ఎవరూ నన్ను అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

విజిలు మోగింది. దీవెన కార్నర్ చూపించింది. కావాలనే టైము తినేసిందిరా అని ఎవరో నవ్వారు. కార్నర్ కిక్ కొట్టారు, బంతి ఎవరికీ తగలకుండా అవతలికి పోయింది. దాన్ని తేవడానికి ఎవరో వెళ్ళారు. ఆ సందులో చిన్నతల్లి గ్లోవ్స్ రెండూ విప్పింది. గీత మీద పక్కపక్కనే, అంచులు సమానంగా పెట్టింది, పని ముగించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు పనిముట్లు సర్దిపెట్టినట్టు. కాసేపు చూసి, మళ్ళీ తీసి, ఎడమది కుడిచేతికి తొడుక్కోబోయింది. పట్టలేదు. అయినా ఓపికగా తోస్తూనే ఉంది. పక్కనే ఉన్న ఇద్దరు నీలం పిల్లలు చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నోరు తెరవలేదు.

నేను త్రినాథ్ భుజం తట్టి, ఆ పిల్లగుంటకి తల తిరుగుతోంది చూడు బాబూ అన్నాను. ఏం కాదమ్మా, పల్లెపిల్లలు గట్టోళ్ళు అన్నాడు, తల తిప్పకుండానే. అవతల కుర్చీలో జగన్నాధం గారు. ఇప్పుడు నేను లోపలికి వెళ్తే ఆట ఆగిపోతుంది. రిఫరీ తల్లి వచ్చి మ్యాచ్ ఆపేసిందంటే దీవెనకి అయిపోయినట్టే, విజిలు బీరువాలోకి పోయినట్టే. ఇదంతా నాకు స్పష్టంగా తెలుసు. ఎప్పుడూ లేనంత స్పష్టంగా తెలుసు. తాడు ఎత్తి, వంగి, లోపలికి నడిచాను.

గడ్డి తడిగా ఉంది. చెప్పులు జారుతున్నాయి. ఎవరో అరుస్తున్నారు, నన్నే అయ్యుండాలి. మంచులోంచి నల్ల చొక్కా నా వైపు వస్తూ పెద్దదవుతోంది. దీవెన నన్ను గుర్తుపట్టిన క్షణం నాకు కనిపించింది. అమ్మా అని పిలవలేదు. నేనూ దాన్ని పేరు పెట్టి పిలవలేదు.

"రిఫరీ గారూ," అన్నాను. "ఆ గుంట తల స్తంభానికి కొట్టుకుంది. మీరు దూరంగా ఉన్నారు. నాను సూసాను."

"మీరు బయటికి వెళ్ళండి," అంది అది. కాని విజిలు ఊది ఆట ఆపింది, గోలు దగ్గరికి వెళ్ళింది, తడిలో మోకాళ్ళ మీద కూర్చుంది. నీ పేరేంటని అడిగింది. చిన్నతల్లి జవాబు చెప్పలేదు. తల తిప్పి తన జట్టు కెప్టెన్ కోసం వెతికింది. మాట్లాడవచ్చా అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. నా కూతురికి అప్పుడు అర్థమైంది. అది పెదవి కొరుక్కోవడం నేను చూశాను. కెప్టెన్ పిల్ల పరిగెత్తుకొచ్చి, సెప్పే, సెప్పొచ్చంట అంది. చిన్నతల్లి మంచు వైపు చూపించి మెల్లగా అడిగింది: "అల ఇంకా రాలేదేటి?"

వేరే పిల్లని దించారు. అది లెక్కకి రాని మార్పు అని దీవెన అందరికీ వినపడేలా చెప్పింది. చిన్నతల్లి తాడు పక్కన నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. జుట్టులో సముద్రపు వాసన. త్రినాథ్ ఆటోకి కబురు పంపాడు, ఇక నా వైపు చూడలేకపోయాడు. ఆటో ఆ మంచులో దారి వెతుక్కుంటూ వచ్చేలోపల ఆట ముగిసింది, నీలం జట్టు ఓడిపోయింది.

జగన్నాధం గారు దీవెనని పిలిచి మాట్లాడుతుంటే నాకు అన్నీ వినపడ్డాయి. ఆయన కోపంగా లేరు. వేళ్ళు సరిగ్గానే లెక్కపెట్టావు, మొహం చూడలేదు అన్నారు. "కెప్టెన్ రూలు గుంపు కట్టకూడదని పెట్టారమ్మా, నొప్పి చెప్పుకోకూడదని కాదు. నువ్వు వాళ్ళకి సగమే చెప్పావు. ఈసారికి పాసు చెయ్యలేను. వచ్చే నెల విజయనగరంలో ఇంకో మ్యాచ్ ఉంది, రా." దీవెన తల ఊపింది. నా వైపు తిరగలేదు. తిరగదనే అనుకున్నాను.

అప్పుడే మా ఆయన బండి వచ్చి ఆగింది. తెల్ల చొక్కా, చంకలో బైబిలు. మా ఊరివాళ్ళెవరో ఫోను చేసి ఉంటారు. ఆరాధన మధ్యలో లేచి రావడం ఆయన జీవితంలో ఇదే మొదలు. నన్ను దాటుకుని నేరుగా జగన్నాధం గారి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు.

"మా ఇంటావిడే సార్. తప్పయిపోనాది, మనసులో ఎట్టుకోకండి. పెళ్ళయిన కొత్తలో నూతి గట్టు మీద పడిపోనాది. నాను కిటికీలోంచి సూసాను, గట్టిగానే తగిలింది తలకి. అప్పట్నుంచీ ఇంతే సార్. బయాలు, పరాకు. దానికి అమ్మాయిని శిక్షించకండి."

మైదానం మీద ఎవరూ లేనట్టయింది. చిన్నతల్లి ఊపిరి నా మోకాలి మీద వెచ్చగా తగులుతోంది, అదొక్కటే తెలుస్తోంది. కిటికీలోంచి చూశారు. అత్తగారు కాదు, తోడికోడలు కాదు, ఆయన. చూసి, ఏ చొక్కాకో గుండీలు పెట్టుకుంటూ ఉండి ఉంటారు, పెట్టుకోవడం పూర్తి చేసి ఉంటారు. ఇన్నేళ్ళు. ఎన్ని ఆదివారాలు లేచి నిలబడి నా భయం పోవాలని ప్రార్థన చేయించారో. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి కూడా. దేవుడికి కూడా సగమే చెప్పారు.

"నాన్నా, నీకు తెలుసా?" అంది దీవెన.

"తెలవకేటి? లేచి నిలబడింది కదా. నవ్వింది కూడాను." ఆయన గొంతు ఎందుకో తగ్గింది. "అప్పట్లో ఆస్పత్రులకి ఎవులెళ్ళీవోరు..."

దీవెన నా వైపు తిరిగింది. వచ్చి, ఇందాక ఆ పిల్ల ముందు కూర్చున్నట్టే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎక్కడమ్మా?" అంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఎన్నో మాటలు దాచుకున్నాననుకునేదాన్ని. ఒక్కటీ రాలేదు. దాని చెయ్యి తీసుకుని నా కుడి చెవి వెనక పెట్టాను. దాని వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. తర్వాత అది లేచి, జగన్నాధం గారితో, "విజయనగరం వస్తాను సార్," అంది. వాళ్ళ నాన్న వైపు చూడకుండానే అంది.

ఆటో వచ్చింది. త్రినాథ్ పిల్లని ఎత్తి కూర్చోబెట్టాడు. బండెక్కు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నారు మా ఆయన. నేను ఆటో ఎక్కాను. ఆ గుంటకి తోడు త్రినాథ్ ఉన్నాడు కదా, నువ్వెందుకని ఆయన అడిగారు. ఆ గుంట కోసం ఒక్కటే కాదు అన్నాను. ఆటో కదిలాక వెనక స్కూటీ చప్పుడు, దాని వెనక బండి చప్పుడు మంచులో వినిపిస్తూనే ఉన్నాయి.

ఆస్పత్రి గుమ్మంలో నర్సమ్మ దెబ్బ ఎవరికని అడిగింది. త్రినాథ్ చెప్పబోయాడు. చిన్నతల్లి, కళ్ళు సగమే తెరిచి, "నాకు" అంది. దాన్ని లోపలికి తీసుకెళ్ళారు. నర్సమ్మ నన్ను చూసి తల్లివా అంది. కాదమ్మా అన్నాను, నాకూ తలకే తగిలింది, చూపించుకోవాలి. రక్తం ఎక్కడా కనపడక ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. ఎలా తగిలింది, ఎప్పుడు తగిలింది అని అడిగింది. వెనకాల అడుగులు వచ్చి ఆగాయి. మా ఆయన గొంతు సవరించుకున్నారు, ఆదివారాలు లేచి నిలబడేముందు సవరించుకున్నట్టే.

నేను బల్ల మీద కూర్చుని, తల మీద ముసుగు తీసేశాను.

"నానే సెప్తాను," అన్నాను.